కాపురస్తులు లేరని రాసిన ఇల్లు

ముప్పై ఆరేళ్ల సర్వీసులో నాకు వచ్చిన మెమోలు రెండు. రెండోది ఆఫీసు సైకిలు పోగొట్టినందుకు. దాని గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. మొదటిది మాత్రం నేను కష్టపడి, నా చేత్తో అర్జీ రాసుకుని మరీ సంపాదించుకున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, అనుభవం ఉన్నవారు నాలుగు మంచి మాటలు చెప్పమంటారు. నేను ఆ మెమో కథ చెబుతాను. వాళ్ల ముఖాలు కొంచెం వాడిపోతాయి. రూల్సు చెబుతానని వచ్చి ఉంటారు పాపం. రూల్సు పుస్తకంలో ఉంటాయి, అవి చెప్పడానికి నేనెందుకు?

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, రాజధాని ఇంకా కర్నూల్లోనే ఉన్న రోజులు. ప్రొద్దుటూరులో గుమాస్తాగా చేరి ఏడాది కూడా కాలేదు. ప్రొబేషన్‌లో ఉన్నాను. అంటే, తుమ్మాలన్నా పక్కన ఎవరున్నారో చూసుకొని తుమ్మాలి. మాది పులివెందుల తాలూకాలో, గండికి పోయే దారిలో ఒక పల్లె. గొర్రెల ఇల్లు. మా వంశంలో పెన్ను పట్టిన మొదటివాణ్ణి నేనే కావడంతో, ఆ పెన్ను మీద నాకు ఉండవలసిన దానికంటే ఎక్కువ గౌరవం ఉండేది. నేను రాస్తే చాలు, అది నిజమైపోతుందని అనుకునేవాణ్ణి.

ఆ ఏడు పెన్నేరు వచ్చింది. మా సీమలో ఏరు వచ్చిందంటే పండగే. ఆడవాళ్లు పసుపూ కుంకుమా పట్టుకొని, మగవాళ్లు ఊరికే చేతులూపుకుంటూ, పొద్దున్నే అందరూ ఏటిగడ్డకు పోయి చూసి వచ్చినారు. మధ్యాహ్నానికి ఏరే వాళ్లను చూసిపోదామని వీధుల్లోకి వచ్చింది. అప్పటికే రెండు రోజులుగా వాన. మట్టి మిద్దెలన్నీ నాని ఉన్నాయి. కింద గోడలు కరిగినాయి, పైన దూలాలు కుంగినాయి. ఏటికి దగ్గరగా ఉన్న నేతవాళ్ల వీధిలో నిలబడిన ఇళ్ల కంటే పడిన ఇళ్లే ఎక్కువ. పట్టపగలు కావడం వల్ల మనుషులు మాత్రం బయటపడి, చేతికందింది నెత్తిన పెట్టుకొని బడికి చేరినారు.

నీళ్లు తీసిన కొద్ది రోజులకు పైనుంచి మాకొక ఉత్తర్వు వచ్చింది. నా సర్వీసులో అంత మంచి ఉత్తర్వులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇల్లు పడిపోయిన సొంతదారుకు మళ్లీ కట్టుకోవడానికి సర్కారు సాయం చేస్తుంది. వరద వచ్చిన రోజున ఆ ఇంట్లో బాడుగకు ఎవరైనా ఉండి ఉంటే, ఇల్లు లేచిన తర్వాత దాన్ని వాళ్లకే, పాత బాడుగకే ఇవ్వాలి. గోడ పడింది కదా అని బాడుగవాళ్లను వెళ్లగొట్టకూడదు. బాడుగవాళ్లు ఉన్నారు కదా అని ఇంటాయనకు సాయం ఆగనూ కూడదు. ఇద్దరికీ నీడ దొరికే ఏర్పాటు. అయితే అదంతా ఒక జాబితా మీద నిలబడింది. ఫలానా ఇంటికి సొంతదారు ఎవరు, వరద రోజున అందులో కాపురం ఎవరు అని ఇంటింటికీ పోయి రాయాలి. నేతవాళ్ల వీధి నా పాలికి వచ్చింది.

దాన్ని రాసే పద్ధతి ఒకటుంది. ముందు బడికి పోయి మనుషుల్ని అడగాలి, తర్వాత వాళ్లను వెంటబెట్టుకొని పోయి ఇల్లు చూడాలి. నేను తిరగేసి చేసినాను. బడిలో పిల్లల ఏడుపులు, ముసలివాళ్ల దగ్గులు, ఒక్కొక్కరు పది సంగతులు చెబుతారు. ఇళ్లు ఎదురు మాట్లాడవు కదా, ముందు అవి తేల్చుకుందామని వీధికి పోయినాను. కాలవలా ఉన్న బురదలో వీధి దాదాపు రాసేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. కొసన ఒక పెద్దాయన గుడ్డ పందిరి కింద మంచం వేసుకొని కూర్చున్నాడు. నూలు అంగడి ఆయన. ఆ వీధిలో నాలుగిళ్లు ఆయనవే.

"రా అప్పా, ఎండకు మాడిపోతాండావు. కూసో. మజ్జిగ తాగు" అన్నాడు.

తాగినాను. చల్లగా, ఉప్పూ కొత్తిమీరా వేసి, ప్రాణం లేచొచ్చేట్టు ఉంది. రెండో చెంబు కూడా తాగి, పుస్తకం తెరిచి అడిగినాను.

"ఈ కొసింట్లో బాడుగకు ఎవురుండారు?"

"ఎవురూ ల్యారప్పా. ఉన్నోళ్లు శానా దినాలాయ ల్యాసిపోయి."

ఆ ఇల్లు మంచానికి పది అడుగుల దూరంలో ఉంది. ముందు గోడ పడిపోయి, వాకిలి మాత్రం ఒంటరిగా నిలబడి ఉంది. లేచి పోయి తొంగి చూడవచ్చు. చూడలేదు. "కాపురస్తులు లేరు" అని రాసినాను. నా దస్తూరి బాగుంటుంది. ఆ రోజు ఇంకా బాగా కుదిరింది.

జాబితాను బడిలో చదివి వినిపించిన మరునాడు, ఒకామె ఆఫీసుకు వచ్చి నా బల్ల ముందర నిలబడింది. చీర కుచ్చిళ్లకు ఇంకా బురద అంటుకొని ఉంది.

"మా వీధి రాసిండేది ఎవురప్పా?"

"నేనే. ఏందమ్మా?"

"కొసింట్లో ఎవురూ ల్యారని రాసినావంట. తొమ్మిదేండ్లాయ మేము ఆ ఇంట్లో చేరి. మా ఆయప్ప మగ్గం ఆడనే ఉండాది. ఆయప్ప, నేను, ఇద్దురు బిడ్డలు, కండ్లు కనపడని మా అత్త. ఐదుమంది ఉండాము. ఒగరన్నా కనపల్యా నీకు?"

"మీరు బడిలో ఉంటిరి కదమ్మా. అందుకని ఇంటాయన్ను అడిగితి."

"మజ్జిగ పోసినోణ్ణి అడిగితివి. మేము నీళ్లల్లో ఉంటిమి నాయనా. మజ్జిగ యాడ నుంచి తెచ్చేది?"

పక్క బల్ల దగ్గర మా హెడ్ గుమాస్తా నస్యం పట్టు ఒకటి లాగి, పైకప్పు మీది బల్లిని చూడటం మొదలుపెట్టినాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆమె అరవలేదు, ఏడవలేదు. ఉన్న సంగతి చెప్పింది. వాళ్లది గుంత మగ్గం. నేల తవ్వి, ఆ గుంతలోకి కాళ్లు దించి, అడుగున ఉన్న చెక్కల్ని తొక్కుతూ నేయాలి. బడిలో గుంత తవ్వనివ్వరు. ఊళ్లో ఇళ్లు సగం పడిపోయినాయి, నిలబడినవాటిలో నేల తవ్వే బాడుగదారు ఎవరికీ అక్కర్లేదు. కొసిల్లు దక్కకపోతే జమ్మలమడుగు పక్క నాపరాతి గనుల్లో ఆమె అన్న ఉన్నాడు, అక్కడికి పోయి బండలు మోసుకోవాలి.

"ఆ చేతులు ఒగ ఏడాది బండలు మోస్తే ఇంగ నూలు పట్టవప్పా. పోగు తెగుతాది" అని చెప్పి, సమాధానం కోసం నిలబడకుండా పోయింది.

నేను హెడ్ గుమాస్తా వైపు తిరిగినాను. ఆయన మంచివాడే. నాకు ఫైలు కుట్టడం నుంచి సంతకం పొట్టిగా పెట్టడం దాకా అన్నీ నేర్పినాడు. ప్రమాదం లేనివన్నీ నేర్పినాడు.

"సూడబ్బీ" అన్నాడు, "జాబితా కలెక్టరాఫీసుకు పోయింది. ఇప్పుడు తప్పు రాసినానంటే నీ ప్రొబేషన్ గంగలో కలుస్తాది. ఆమెనే అర్జీ పెట్టుకోమను. విచారణ జరుగుతాది. ఇంటాయన ల్యారంటాడు, ఆమె ఉండామంటాది, కాయితం ల్యారంటాది. ఇద్దురు ఒగ పక్క, ఆమె ఒగ పక్క. మన చేతికి తడి అంటదు."

ఆ ఇద్దరిలో ఒకటి నేను రాసిన కాగితం. అది నాకు బాగా అర్థమైంది. అయినా మూడు రోజులు ఏమీ చేయలేదు. భయం. దానికి వేరే పేరు పెట్టి లాభం లేదు. ఇంటి మొదటి జీతం, చెల్లెలి చదువు, మా నాయన ఊళ్లో మీసం తిప్పుకుంటూ తిరగడం, అన్నీ గుర్తుకు వచ్చేవి.

ఆదివారం ఊరికి పోయినాను. పొద్దున్నే మా నాయన దొడ్డి కంప తీసి, సందు దగ్గర నిలబడి గొర్రెల్ని జతలు జతలుగా లెక్కపెడుతూ బయటికి వదులుతున్నాడు. మంద అంతా పోయేదాకా ఆగి, సంగతి చెప్పినాను. ఆయన కంప మళ్లీ అడ్డం వేసి అడిగినాడు.

"నువ్వు దొడ్డి కాడ నిలబడి లెక్కబెట్టినావా, గొర్రెల్ని కొననీకి వచ్చినోణ్ణి అడిగి రాసుకున్నావా?"

"కొననీకి వచ్చినోణ్ణే" అని ఒప్పుకున్నాను.

"కొననీకి వచ్చినోడు ఎప్పుడూ తక్కువే చెప్తాడురా. పో, పోయి మళ్లా లెక్కబెట్టు. ఉద్యోగం పోతే గొర్రెలు ఉండనే ఉండాయి. అవేమీ నిన్ను మెమో అడగవు."

ఆయన అన్నది వేళాకోళానికే. కానీ అది వినగానే నా గుండె బరువు సగం దిగిపోయింది. సోమవారం పోయి, కొసింటిలోకి నేను తొంగి చూడలేదనీ, సొంతదారు నోటిమాట మీద రాసినాననీ, అది నా తప్పనీ ఒక కాగితం మీద రాసి తాసిల్దారు బల్ల మీద పెట్టినాను.

తాసిల్దారు సర్కారు జిల్లాల నుంచి వచ్చినాయన. మెత్తని మనిషి, మెత్తని మాట. మేము మాట్లాడుకుంటే పోట్లాడుకుంటున్నామేమో అని గది లోపలి నుంచి లేచి వచ్చేవాడు. నా కాగితం రెండు సార్లు చదివినాడు.

"ఏమయ్యా, తప్పు చేశానని ఎవరూ అడక్కుండానే రాసిచ్చావా? ఇన్నేళ్లలో ఇలాంటి కాగితం నా బల్ల మీదకి రాలేదు. నిన్ను మెచ్చుకోవాలో, సంజాయిషీ అడగాలో తెలీట్లేదు."

రెండూ చేసినాడు. సంజాయిషీ ముందు అడిగినాడు. ఆ తర్వాత కళ్లజోడు తీసి, అసలు చిక్కు చెప్పినాడు. "నువ్వు చూడలేదన్నావు, బాగానే ఉంది. నువ్వు చూడనంత మాత్రాన వాళ్లు అక్కడ ఉన్నట్టు రుజువవుతుందా?"

అవదు. ఆ వీధిలో బాడుగలన్నీ నోటిమాట మీదే, చీటీ అన్న మాటే లేదు. ఇరుగుపొరుగును అడిగితే నేల చూపులు చూసినారు. అందరికీ నూలు ఇచ్చేది ఆ పెద్దాయనే. ఆయన మీద సాక్ష్యం చెప్పి, రేపు పొద్దున పోగుకు ఎవరి దగ్గరికి పోతారు? వాళ్లను తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. మూడు రోజులు నేను చేసిందీ అదే కదా.

"సరే, స్థలం చూద్దాం పద" అన్నాడు తాసిల్దారు.

ఆ పొద్దున కొసింటి ముందర వీధి వీధంతా గుమిగూడింది. పెద్దాయన తెల్ల పంచె కట్టుకొని వచ్చినాడు. నేతగాడు, అంటే ఆమె భర్త, సన్నగా పొడుగ్గా ఉన్నాడు. అడిగిన దానికి తప్ప మాట్లాడలేదు. మాట్లాడే పనంతా ఆమెకు వదిలిపెట్టినట్టున్నాడు. లోపల మోకాటి ఎత్తున ఒండ్రు మట్టి. మగ్గం చట్రం వరదకు విరిగి ఒక మూలకు కొట్టుకుపోయింది.

"ఇది పాత మగ్గం సామీ" అన్నాడు పెద్దాయన. "వద్దని ఇడిసిపెట్టి పోయినారు. నా నూలంతా తడిసిపాయ. ఈ ఇల్లు లేపి నూలు పెట్టుకోవల్ల. నాకూ నష్టమే కదా సామీ."

ఆ చివరి మాట నిజం. ఆయన అంగట్లో నూలు చిలపల కట్టలు ముద్దలై బయట ఎండుతుండటం నేను కళ్లారా చూసినాను. అబద్ధం చెప్పే మనిషికి కూడా కష్టం ఉంటుందని ఆ వయసులో నాకు తెలియదు.

"మట్టి తీయప్పా" అన్నది ఆమె భర్తతో.

ఆయన పార తీసుకున్నాడు. గోడ మూల నుంచి అడుగులు కొలుచుకుంటూ వచ్చి ఒక చోట ఆగి, తవ్వడం మొదలుపెట్టినాడు. పొద్దు రెండు బారలు ఎక్కేసరికి గుంత అంచులు బయటపడినాయి. తర్వాత చేతులతో తోడినాడు. అడుగున, కాళ్లతో తొక్కే చెక్కలు రెండూ తాళ్లతో కట్టింది కట్టినట్టే ఉన్నాయి.

"సూడు సామీ" అన్నది ఆమె.

"పాత చెక్కలు సామీ. వదిలేసి పోయినారు. వాటికేం విలువ?" అన్నాడు పెద్దాయన.

తాసిల్దారుకు ఏమీ తేలలేదు. చెక్కలు పాతవా కొత్తవా, తాళ్లు ఎన్నాళ్లవి, ఆయనకేం తెలుస్తుంది? నాకూ తెలియదు. గొర్రె పళ్లు చూసి వయసు చెప్పమంటే చెబుతాను గానీ మగ్గం సంగతి నాకేం తెలుసు? దగ్గరగా చూద్దామని ఆయన ప్యాంటు కొంచెం పైకి లాక్కొని, గుంతలోకి దిగడానికి ఒక కాలు కిందికి పెట్టబోయినాడు.

"సామీ! బూట్లు! బూట్లతో దిగగూడదు సామీ, మగ్గం గుంత అది!"

అరిచింది నేతగాడు కాదు, ఆమె కాదు. పెద్దాయన. రెండు చేతులూ ముందుకు చాచి ఒక్క అంగలో గుంత దగ్గరికి వచ్చేసినాడు.

తాసిల్దారు కాలు గాల్లో అట్లే ఆగిపోయింది. ఏం జరిగిందో నాకు అర్థం కాలేదు, తాసిల్దారుకు అసలే అర్థం కాలేదు. మా ఇద్దరికీ తప్ప అక్కడున్న అందరికీ అర్థమైంది. ఆమె పెద్దాయన ముఖంలోకి చూసి, గొంతు పెంచకుండా అడిగింది.

"ఏం మామా, ఇడిసిపెట్టిన గుంతైతే బూట్లు ఎందుకు ఇప్పమంటాండావు?"

ఆయన చాచిన చేతులు వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు వెనక నుంచి ఒక ముసలి నేతగాడు ముందుకొచ్చి మాకు విడమరిచి చెప్పినాడు. మగ్గం గుంత అన్నం పెట్టే చోటు. చెప్పులతో దిగరు, దాటరు. నేతగాడు ఇల్లు వదిలి పోయేటప్పుడు గుంత దగ్గర టెంకాయ కొట్టి, చెక్కలు ఊడదీసుకొని, తన చేతులతోనే మట్టి పోసి పూడ్చి, పైన అలికి పోతాడు. ఆ తర్వాత అది మామూలు నేల. బూట్లతో నడువు, బండి తోలు, ఎవరూ ఏమనరు. పూడ్చకుండా, చెక్కలు తీయకుండా ఇల్లు వదిలిపోయిన నేతవాడు ఆ ఊళ్లో పుట్టలేదు.

పెద్దాయన పడిపోయిన గోడ రాళ్ల మీద కూలబడినాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"పదేండ్లప్పుడు గుంతలో కూసున్నా సామీ. మా నాయన కూసోబెట్టినాడు. ఆ మాట నేను అనాలని అనలే. అదే వచ్చె."

ఎవరూ నవ్వలేదు. నేతగాడు పార పక్కన పెట్టి, పోయి ఆయన పక్కన కూర్చున్నాడు. "నూలు పెట్టుకోనీకి మిద్దె మీద కొట్టం ఏసుకుందాంలే మామా. నేను సాయం వస్తా" అన్నాడు. ఆ రోజంతటికీ ఆయన తనంతట తాను మాట్లాడింది అదొక్కటే.

తాసిల్దారు వీధి అరుగు మీద కూర్చొని బూట్లు విప్పినాడు, మేజోళ్లు కూడా విప్పినాడు. వట్టి కాళ్లతో గుంతలోకి దిగి, కొంచెం మొహమాటంగా ఒక చెక్కను తొక్కి చూసినాడు. "బురదగా ఉందండీ" అన్నాడు ఆమెతో. ఆ "అండీ"కి ఆడవాళ్లందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇల్లు పెద్దాయనది, సాయం ఆయనకు రావాలి. కాపురం నేతవాళ్లది, ఇల్లు లేచినాక అది వాళ్లకే దక్కాలి అని అక్కడే చెప్పి, నా చేతనే రాయించినాడు. అబద్ధం చెప్పినందుకు పెద్దాయన మీద ఏమైనా చర్య ఉందా అని హెడ్ గుమాస్తా తర్వాత అడిగితే, "ఆయనే కదయ్యా మన సాక్షి" అన్నాడు.

నాకు మాత్రం మెమో వచ్చింది, ప్రొబేషన్ ఆర్నెల్లు పెరిగింది. హెడ్ గుమాస్తా దాన్ని నా చేతికిస్తూ, "ప్రమాదం లేనివే నేర్పినా నీకు. ఇది నువ్వే నేర్చుకున్యావు" అన్నాడు. తిట్టినాడో మెచ్చినాడో నేను అడగలేదు. ఆ పూట హోటల్లో దోసెలు ఆయనే పెట్టించినాడు.

ఎండాకాలం రాకముందే కొసిల్లు లేచింది. పెద్దాయన తనే నిలబడి గోడ పెట్టించినాడు, మగ్గం చట్రం కుదిర్చే రోజున గుంత లోతు తన మూరతో కొలిచి ఒకటికి రెండు సార్లు సరిచేసినాడట. కాపురం చేరిన సంగతి పుస్తకంలోకి ఎక్కించడానికి నేను పోయినాను. ఈసారి మంచమూ లేదు, మజ్జిగా లేదు. చెప్పులు వీధిలో విడిచి, తిన్నగా లోపలికి పోయి, కొత్త అలుకు మీద బాసిపట్లు వేసుకొని కూర్చున్నాను. నేతగాడు గుంతలో ఉన్నాడు, పోగు మోసే నాడె అటూ ఇటూ పరిగెడుతున్నది. ఆయన్ను రాసినాను, ఆమెను రాసినాను, ఎదురుగా ఆడుకుంటున్న ఇద్దరు బిడ్డల్ని రాసినాను. ఆమె చదవమంది. గొంతు సవరించుకొని, సొంతదారు ఫలానా, కాపురస్తులు ఫలానా ఫలానా, వెరసి నలుగురు అని చదివినాను.

తలుపు వెనక నుంచి ఒక గొంతు వచ్చింది.

"నేను యాడికి పోతినంట నాయనా?"

తలుపు జరిపి చూస్తే అత్త. గోడకు ఆనుకొని, చూపు లేని కళ్లు ఎటో నిలిపి, వేళ్లతో తడుముకుంటూ రాట్నం మీద నూలును కండెలకు చుడుతున్నది. నేను వచ్చినప్పటి నుంచీ ఆ రాట్నం చప్పుడు వింటూనే ఉన్నాను. గుంతలో నేతగాడు మగ్గం ఆపి పడిపడి నవ్వినాడు. ఆమె నుదురు కొట్టుకుంది. నాకు సిగ్గూ సంతోషమూ ఒకేసారి ముంచుకొచ్చి కళ్లు చెమ్మగిల్లినాయి. నాలుగు కొట్టేసి ఐదు చేసి, పక్కన పొట్టి సంతకం పెట్టినాను.

"రాసినావా?" అన్నది ముసలామె.

"రాసినానవ్వా."

"సదువు."

చదివినాను. తన పేరు వచ్చేదాకా రాట్నం ఆపి, తల వంచుకొని విన్నది.

"ఆఁ, ఉండా" అని మళ్లీ తిప్పుకుంది.